ఏ పద్దుకూ చెందని డీజిల్

రాధాకృష్ణమూర్తి ఎడమ దవడ పనిచేయడం లేదు. పొద్దున పదకొండు గంటలకి గుంటూరు బ్రాడీపేటలో పన్ను పీకించుకున్నాడు. మత్తు సాయంత్రం నాలుగింటి దాకా ఉంటుందని, ఆ తర్వాత సంగతి తనకి సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. ఇరవై రెండేళ్లుగా ప్రైవేటు డిటెక్టివ్‌గా బతుకుతున్నవాడికి సగం మొహం మొద్దుబారడం పెద్ద విశేషం కాదు. మిగతా సగం ఎప్పుడో మొద్దుబారింది.

రెండూ నలభైకి ప్రత్తిపాడు దాటాక శ్యామలాంబగారి మిల్లు దగ్గర బస్సు దిగాడు. ఆవరణలో ఎడమవైపు పత్తి జిన్నింగ్, కుడివైపు మిర్చి గోడౌను, కారం మర. మధ్యలో ఆఫీసు. ఆఫీసు వెనక జనరేటరు గది. గేటు లోపల వేపచెట్టు నీడలో పోలీసు జీపు ఆగి ఉంది.

విషయం చిన్నది. నిన్న మధ్యాహ్నం రెండూ ఇరవైకి మిల్లు గుమాస్తా శేషాచలం మిర్చి గోడౌనులో శవమై కనిపించాడు. పైన పదకొండు మిర్చి బస్తాలు, అంటే టిక్కీలు, పడి ఉన్నాయి. ఒక్కో టిక్కీ నలభై కిలోలు. రాత్రి దాకా అది ప్రమాదం. పొద్దున ఆస్పత్రి డాక్టరు, తల వెనక గట్టి ఇనుప వస్తువు తగిలిందని రాశాక అది హత్య అయింది. మిర్చిలో ఇనుము ఉండదు కాబట్టి.

హంతకురాలు కూడా దొరికేసింది. మిర్చి సెక్షను మేస్త్రీ కోటేశ్వరమ్మ. నాలుగింటికి ఆమెని జీపులో గుంటూరు తీసుకెళ్లి కోర్టులో పెడతారు.

కోటేశ్వరమ్మ షెడ్డులో బుట్ట బోర్లించుకుని కూర్చుని ఉంది. పక్కన కానిస్టేబుల్ కునుకుతున్నాడు. అరెస్టయిన మనిషి ఖాళీగా కూర్చోవాలని ఎవరూ చెప్పనందువల్ల ఆమె మిరపకాయలకి తొడిమలు తీస్తోంది.

"వేళ్లు మండవా అమ్మా?" అన్నాడు రాధాకృష్ణమూర్తి. సగం నోటితో అన్నందువల్ల మాటలు కొంచెం జారాయి.

"మొదటేడు మండుతాయి. తర్వాత అవి మనయి కావు."

"నిన్న మధ్యాహ్నం ఏం జరిగింది?"

"పన్నెండింటికి కరెంటు తీశారు. రోజూ తీస్తారు, రెండింటిదాకా. కారం మర ఆగింది. జిన్నింగ్‌కి జనరేటరు వేశారు. మేం నలభైమందిమి తొడిమలు తీసుకుంటా కూర్చున్నాం. దీనికి కరెంటెందుకు?"

"నువ్వు ఎక్కడికైనా లేచి వెళ్లావా?"

"ఒంటిగంటకి నీళ్లకెళ్లా."

"ఎంతసేపు?"

"బిందె నిండిందాకా."

"టైమెంతయిందో చూశావా?"

"బిందె చూశా."

రాధాకృష్ణమూర్తి నోట్‌బుక్కులో 'బిందె' అని రాసుకున్నాడు.

"గోడౌను తాళం?"

"ఒకటి నా దగ్గర. ఇంకోటి జనరేటరు గదిలో మేకుకి ఉంటది. నిప్పంటుకుంటే పనికొస్తదని. రెండూ ఇరవైకి మరకి సరుకు దించుదామని నేనే తెరిచా. టిక్కీలు పేర్చిన నెట్టు కూలి ఉంది. కింద ఆయన కాళ్లు."

"బయటివాళ్లు ఎవరైనా వచ్చారా మిల్లులోకి?"

"ఎవరూ రాలా."

"సోమవారం శేషాచలంగారిని ఏదో అన్నావట."

"మా సెక్షను మూయించే లెక్క రాసిన చెయ్యి పడిపోవాలన్నా. గట్టిగానే అన్నా. జిన్నింగ్ వాళ్లక్కూడా వినపడింది." ఆమె తొడిమ తుంచి పారేసింది. "కానీ నిన్న పొద్దున ఆయనే వచ్చారు. 'కోటేశ్వరమ్మా, మీ సెక్షను నష్టంలో లేదు. లాభంలో ఉంది. అప్పుడే ఎవరికీ చెప్పకు. కొంచెం డీజిల్ ఏ పద్దులోనూ పడటంలేదు. అది తేలితే అమ్మగారికి చూపిస్తా' అన్నారు."

"ఈ మాట ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్పావా?"

"పొద్దున్నే చెప్పా. చెప్పాకే జీపెక్కాలన్నారు." ఆమె ఏడవలేదు. గొంతు కూడా మారలేదు. "మా ఆయన మంచంలో ఉన్నాడయ్యా. నాలుగింటికి గంజి పోయాలి. ఎవరు పోస్తారో అది కనుక్కోండి. మిగతాది మీ ఇష్టం."

ఇన్‌స్పెక్టర్ త్యాగరాజు గోడౌను తలుపు దగ్గర ఎదురొచ్చాడు. మీసాలకి రంగు వేస్తాడు. ప్రమోషన్ లిస్టులో పేరుంది. ఈ రెండు విషయాలూ ఎవరూ అడక్కుండానే తెలిసిపోతాయి.

"డిటెక్టివ్‌గారూ, ఆలస్యంగా వచ్చారే. నిన్న ఫోను వచ్చిన అయిదు నిమిషాల్లో నేను ఇక్కడున్నా. అయిదు నిమిషాలు. మీ బస్సుకి టిక్కెట్ కొట్టడానికే అంత పడుతుంది."

"మీ స్టేషను ఇక్కడికి ఎంతదూరం?"

"తొమ్మిది కిలోమీటర్లు. అదీ డిపార్ట్‌మెంటంటే." మొహం వంక చూశాడు. "ఏంటి, ఎవరైనా కొట్టారా?"

"డబ్బులిచ్చి పీకించుకున్నా."

త్యాగరాజు గోడౌనులోకి అడుగుపెట్టాడు. వెనకనుంచి కోటేశ్వరమ్మ గొంతు వచ్చింది. ఆమె కూర్చున్న చోటునుంచి లేవలేదు.

"బూట్లిప్పండయ్యా. అది తినే సరుకు."

"నేను ముద్దాయి చెప్తే బూట్లిప్పాలా?"

"ముద్దాయి చెప్పటంలా. మేస్త్రీ చెప్తంది."

త్యాగరాజు ఇప్పలేదు. పైగా ఒక పాదం కొంచెం ఎత్తి చూపించాడు. "మూడువందల నలభై రూపాయలు. మద్రాసునుంచి తెప్పించా. అడుగు చూడండి, పాము చర్మంలా గీతలు. వానలో కూడా జారదు. గుంటూరు జిల్లా మొత్తంలో ఇంకో జత లేదు."

మూడువందల నలభై రూపాయల బూట్లు కొన్నవాడు వాటి ధర చెప్పకుండా ఉండలేడు. చెప్పకపోతే అవి నూట ఇరవై రూపాయల బూట్లే. రాధాకృష్ణమూర్తి తన చెప్పులు గుమ్మం బయట విడిచాడు. అక్కడ గోడవారన చెప్పులు పెట్టుకోడానికి ఒక చెక్క కూడా ఉంది.

లోపల అడుగు పెట్టగానే త్యాగరాజు ఏడుసార్లు తుమ్మాడు. రాధాకృష్ణమూర్తికి సగం ముక్కే పనిచేస్తోంది కాబట్టి రెండుసార్లు తుమ్మాడు.

"శవం తియ్యడానికి మూడు టిక్కీలు జరిపాం," అన్నాడు త్యాగరాజు రుమాలు మడుస్తూ. "మిగతా ఎనిమిదీ ఎక్కడివక్కడే. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నా కేసులో సీను చెడిపోదు."

"శవం పంచనామాలో కాళ్లకి ఏమున్నాయని రాశారు?"

"చెప్పులు. రెండు కాళ్లకీ. అయితే?"

రాధాకృష్ణమూర్తి తలుపు వైపు తిరిగాడు. "కోటేశ్వరమ్మా, శేషాచలంగారు ఈ గోడౌనులోకి చెప్పులతో వచ్చేవారా?"

"పన్నెండేళ్లలో ఒక్కసారి రాలా. చెక్క మీద పెట్టి, కిందపడతాయేమోనని మళ్లీ ఒకసారి చూసుకుని వచ్చేవారు."

"అంటే ఆయన నడిచి రాలేదు. ఎవరో మోసుకొచ్చారు."

"తొందరలో వచ్చుంటాడు," అన్నాడు త్యాగరాజు.

"ఇరవై తొమ్మిదేళ్లు గుమాస్తాగా చేసినవాడికి తొందర ఉండదండీ. సరే, ఈవిడే చంపిందనుకుందాం. బస్తాలు మీద పడేసే ముందు ఆయన చెప్పులు ఇప్పి చెక్క మీద పెట్టి ఉండేది. మిమ్మల్నే ఇప్పమంది కదా, జైలుకి పోతూ కూడా."

"మీ దగ్గర ఆధారం చెప్పులైతే నా దగ్గర తాళంచెవి ఉంది. కోర్టు దేన్ని నమ్ముతుందో నాలుగున్నరకి చూద్దాం." వాచీ చూసుకుని మళ్లీ తుమ్మాడు. బయటికి నడిచాడు.

రాధాకృష్ణమూర్తి ఒంటరిగా మిగిలాడు. గోడవైపు కదలకుండా పడి ఉన్న ఒక టిక్కీని భుజంతో కొంచెం ఎత్తాడు. కింద మిరపకాయలు నలిగి గింజలు బయటపడ్డాయి. నలిగిన పాలిపోయిన పొట్టు మీద వంకర గీతలున్నాయి. టిక్కీ దించేశాడు. ఆ గీతల గురించి అప్పటికి ఏమీ అనుకోలేదు. గోనె అచ్చులు కూడా గీతలే.

మూడూ పది. ఆఫీసులో శ్యామలాంబగారు గల్లాపెట్టె పక్కన కూర్చుని ఉన్నారు. భర్త పోయినప్పటినుంచి తొమ్మిదేళ్లుగా మిల్లు ఆవిడే నడుపుతున్నారు. కాఫీ తెప్పించారు. అరగ్లాసు. రాధాకృష్ణమూర్తిని కేసుకి పెట్టుకున్నదీ ఆవిడే, అరఫీజుకి.

"మిర్చి సెక్షను ఎందుకు మూసేస్తున్నారండీ?"

"నెలకి పదకొండు వందలు నష్టం. మూడేళ్లనుంచి. శేషాచలంగారి లెక్కే." పెద్ద పుస్తకం తిప్పి చూపించారు. "పత్తి ఖర్చులు పత్తివి, మిర్చి ఖర్చులు మిర్చివి. ఇంక ఉమ్మడివి. కరెంటు, డీజిలు, వాచ్‌మన్, ఈ ఆఫీసు. వాటిని సగం సగం రాస్తాం. మా వారు పెట్టిన పద్ధతి. రెండు సెక్షన్లూ రెండు కళ్లు, కంటికి సగం అనేవారు."

"జిన్నింగ్ మోటార్లు ఎన్ని హార్స్‌పవరు?"

"నలభై."

"కారం మర?"

"పది."

"తొడిమలు తీసే ఆడవాళ్లు?"

శ్యామలాంబగారు పుస్తకం వంక చూస్తూ ఉండిపోయారు. నలభైమంది ఆడవాళ్ల గోళ్లు మూడేళ్లుగా సగం కరెంటు బిల్లు కడుతున్నాయని ఆవిడకి ఇప్పుడే అర్థమవుతోంది. ఆవిడని తప్పుపట్టడానికి లేదు. అయిదుగురు కలిసి హోటలుకి వెళ్తే కాఫీ తాగినవాడూ, రెండు పెసరట్లు తిన్నవాడూ బిల్లు సమానంగా పంచుకుని స్నేహంగా బయటికొచ్చే దేశం మనది. పెసరట్లు తిన్నవాడే ఆ పద్ధతి పెడతాడు.

"ఈమధ్య శేషాచలంగారు లెక్క మార్చి రాస్తానన్నారా?"

"పోయిన నెల రెండు చిన్న మీటర్లు కొనమన్నారు. సెక్షనుకొకటి. ఎందుకండీ దండగ అన్నాను. తన డబ్బుతో తెచ్చి పెట్టుకున్నారు." ఆవిడ పుస్తకం మూశారు. "ఆయన భార్య రాజరాజేశ్వరమ్మ పొద్దుటినుంచి మూడుసార్లు కబురు పెట్టింది. క్యారేజీ పంపమని. మొగుడు పోయిన మనిషికి క్యారేజీ ఎందుకో నాకు తెలీదు."

"స్టీలుదా?"

"నాలుగు గిన్నెలది."

"అయితే అడుగుతారు," అన్నాడు రాధాకృష్ణమూర్తి. "ఏడవడానికి కూడా ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదండీ. ఎక్కడుంది అది?"

"జనరేటరు గదిలో. ఆయన రోజూ అక్కడే తినేవారు."

మూడూ ఇరవై అయిదు. జనరేటరు గదిలో ఇంజను డ్రైవరు నన్నే సాహెబ్ గుడ్డతో ఇంజను తుడుస్తున్నాడు. యాభై దాటినవాడు. డీజిల్ పీపాలో ముంచి చూసే వెదురుబద్ద గోడకి ఆనించి ఉంది. బద్ద మీద లీటర్ల గీతలు. పక్కన మేకుకి గోడౌను తాళంచెవి.

క్యారేజీ గుడ్డసంచిలో ఉంది. రాధాకృష్ణమూర్తి గిన్నెలు ఒక్కొక్కటీ తీశాడు. పప్పన్నం గిన్నె ఖాళీ. కూర ఖాళీ. చారు ఖాళీ. అడుగు గిన్నెలో పెరుగన్నం నిండుగా ఉంది, నిన్నటిది.

"పెరుగన్నం తినకుండా ఆయన ఎప్పుడైనా లేచారా?"

"లేదు సార్. భూకంపం వచ్చినా లేవరు."

"ఎన్నింటికి తినడం మొదలెట్టేవారు?"

"పన్నెండున్నరకి."

"అంటే ఒంటిగంట లోపల, ఇక్కడే, చారుకీ పెరుగుకీ మధ్యన ఏదో జరిగింది. నువ్వెక్కడున్నావు?"

"పావు తక్కువ ఒంటిగంటకి నమాజుకెళ్లాను సార్. ఇంజను నడుస్తానే ఉంది. వచ్చేసరికి ఒకటీ ఇరవై. ఆయన లేరు. మళ్లీ వస్తారులే అనుకున్నా."

"ఇంజను నడుస్తుంటే అరిచినా వినపడదు."

"నాకు మామూలుగా చెప్పినా వినపడదు సార్. పదహారేళ్లనుంచి దీని పక్కనే ఉన్నా." నన్నే సాహెబ్ తుడవడం ఆపలేదు.

ఇంజను పునాది దిమ్మె అంచుకి ఇనప పట్టీ బిగించి ఉంది. ఒక మూల మిగతా దానికంటే శుభ్రంగా ఉంది. బాగా తుడిచిన ఇనుము.

"ఆ మూల నువ్వు తుడిచావా?"

"లేదు సార్. నేనింకా అక్కడికి రాలేదు."

"బయటివాళ్లెవరైనా వచ్చారా నిన్న?"

"బయటోళ్లెవరూ రాలేదు సార్."

"గంటకి ఎన్ని లీటర్లు తాగుతుంది ఇది?"

"పది."

"రోజుకి రెండు గంటలు. నెలకి ఇరవై ఆరు రోజులు. అయిదువందల ఇరవై. నెలకి ఎంత కొంటున్నారు?"

గుడ్డ ఆగింది. "ఆరువందల యాభై."

"మిగతా నూట ముప్పై?"

"పొయ్యమన్నది పోస్తా సార్. రాయమన్నది రాస్తా. అడగడం నా ఉద్యోగంలో లేదు." గుడ్డ భుజాన వేసుకున్నాడు. "శేషాచలంగారు మాత్రం అడిగేవారు. ఎవర్నైనా అడిగేవారు. ఏ డిపార్ట్‌మెంటు కింద రాసుకోమంటారు, ఇక్కడ సంతకం పెట్టండి, అని."

రాధాకృష్ణమూర్తి గుడ్డసంచి తిరగేసి దులిపాడు. అడుగునుంచి నాలుగు మడతల కాయితం పడింది. చారు మరక ఉంది. శేషాచలం ముత్యాల్లాంటి చేతిరాత.

మొదటి గడి జిన్నింగ్. చిన్న మీటరు ప్రకారం కరెంటు, డీజిల్ అయిదువందల ఇరవై లీటర్లు. రెండో గడి మిర్చి. మీటరు ప్రకారం కరెంటు మూడు వేలు కాదు, పద్దెనిమిది వందలు. డీజిల్ సున్నా. ఆ సున్నా కింద రెండు గీతలు. అడుగున: 'నెలకి నష్టం 1,100 కాదు. లాభం 1,237.'

మూడేళ్లుగా సగం సగం అన్న మాట కింద ఆ నూట ముప్పై లీటర్లు హాయిగా దాక్కున్నాయి. చెరి అరవై అయిదు రాస్తే ఎవరికీ బరువనిపించదు. ఎవరిది వాళ్లకి రాసేసరికి అవి మాత్రం ఏ గడిలోనూ ఇమడక బయట నిలబడిపోయాయి.

అందుకే శేషాచలం మూడో గడి గీశాడు. దానికి పేరు లేదు. పేరు ఉండాల్సిన చోట ఒక బండి నంబరుంది. కింద తారీఖులు. ప్రతి తారీఖుకీ అయిదు లీటర్లు. చివరి వరస నిన్నటిది. 'మ. 12.50. అయిదు లీటర్లు. సంతకం:' అని రాసి, సంతకానికి ఖాళీ వదిలాడు.

కిటికీలోంచి వేపచెట్టు కనపడుతోంది. చెట్టుకింద జీపు. జీపు మీద అదే నంబరు.

ఎవరూ రాలేదని అందరూ నిజమే చెప్పారు. రోజూ వచ్చే జీపుని ఎవరూ రావడం కింద లెక్కెయ్యరు. తొమ్మిది కిలోమీటర్లు అయిదు నిమిషాల్లో వచ్చిన ఇన్‌స్పెక్టరు అసలు వెళ్లనే లేదు. ఇక్కడెక్కడో రోడ్డు పక్కన జీపులో కూర్చుని, తనకే ఫోను రావడం కోసం ఎదురుచూసి ఉంటాడు. ఇక టిక్కీ కింద ఆ వంకర గీతలు గోనెవి కావు, బూటువి. టిక్కీలు పడకముందే ఆ మిరపకాయల్ని ఎవరో తొక్కారు. మూడే జరిపాం, మిగతావి ఎవరూ ముట్టుకోలేదని చెప్పింది కూడా త్యాగరాజే.

సంతకం పెట్టమని ఇంకోసారి అడిగి ఉంటాడు శేషాచలం. ప్రమోషన్ లిస్టులో పేరున్నవాడు ఇంజను దిమ్మె మీదికి తోసి ఉంటాడు, మేకుకున్న తాళంచెవి తీసుకుని శవాన్ని గోడౌనులోకి చేర్చి ఉంటాడు. అంతే అయ్యుంటుంది. అయిదు లీటర్లకి.

రాధాకృష్ణమూర్తికి కోపం రాలేదు. రావలసిన చోటు తడిమి చూసుకున్నాడు. అక్కడ కూడా ఇంకా ఇంజెక్షన్ ఉంది.

"డిటెక్టివ్‌గారూ." గుమ్మంలో త్యాగరాజు. "ఏం దొరికింది?"

"క్యారేజీ," అన్నాడు రాధాకృష్ణమూర్తి. కాయితం అప్పటికే నాలుగు మడతలై అరచేతిలో ఉంది. వంగి, గిన్నెలు సర్దుతున్నట్టు, దాన్ని పెరుగన్నంలోకి వేలితో నొక్కేశాడు. పెన్సిల్ రాత. పెరుగుకి చెరగదు.

"ఇటివ్వండి. సాక్ష్యం కావచ్చు."

రాధాకృష్ణమూర్తి అడుగు గిన్నె మూత తీసి ఆయన ముక్కు కిందికి ఎత్తి పట్టాడు. మార్చి ఎండలో ఒక రోజు నిలవున్న పెరుగన్నం అది. త్యాగరాజు మొహం తిప్పుకున్నాడు.

"పంపించెయ్యండి, పంపించెయ్యండి."

"నన్నే సాహెబ్, ఇది రాజరాజేశ్వరమ్మగారికి నీ చేత్తో ఇవ్వు. గిన్నెలు ఆవిడే కడుక్కోవాలని చెప్పు. అమ్మగారు కూడా ఎదురుగా ఉండగా కడగాలి. అది ఆచారం."

అలాంటి ఆచారం ఏదీ లేదు. నన్నే సాహెబ్ డిటెక్టివ్ వంకా, కిటికీలోంచి జీపు వంకా ఒకసారి చూశాడు. క్యారేజీ తీసుకుని వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయాడు.

నాలుగింటికి ఇంకా అయిదు నిమిషాలు. కోటేశ్వరమ్మని జీపు వెనక ఎక్కించారు. మిగతా ఆడవాళ్లు తొడిమలు తీయడం ఆపి నిలబడ్డారు.

"మీ కానిస్టేబుల్ ఏడీ?" అన్నాడు రాధాకృష్ణమూర్తి.

"ముందే బస్సులో పంపేశాను, కాయితాలతో." త్యాగరాజు తనే స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. "నేను వెళ్తున్నా. మీరు మీ బస్సుకి ఉండండి."

ఆడమనిషి, ఒక్కతే. ఎవరూ లేని జీపు. డీజిల్ ఏ పద్దులోనూ పడటంలేదన్న మాట విని బతికున్న మనిషి ఆమె ఒక్కతే, త్యాగరాజుకి తెలిసినంతవరకు. రాధాకృష్ణమూర్తి చెప్పులు దులుపుకుని వెనక ఎక్కాడు.

"నేనూ గుంటూరే కదండీ. బస్సు ఛార్జీ మూడు రూపాయలు మిగులుతుంది."

త్యాగరాజు అద్దంలో ఒక్క క్షణం చూశాడు. తర్వాత నవ్వాడు. "రండి రండి. దారిలో మాట్లాడుకుందాం."

జీపు గేటు దాటింది. కోటేశ్వరమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. వేళ్లు ఇంకా లేని తొడిమల్ని తుంచుతున్నాయి.

"గంజి?" అంది మెల్లిగా.

"మీ పక్కింటి సుబ్బరావమ్మకి కబురు పెట్టించాను. పోస్తానంది."

ఆమె తలూపింది. తర్వాత త్యాగరాజు కాళ్ల వైపు చూసింది. క్లచ్ మీద ఉన్న బూటు మడమ కొంచెం లేచి ఉంది. అడుగున గీతల మధ్య పాలిపోయిన మిరప పొట్టు ఇరుక్కుని ఉంది.

"అవి మా తాలు కాయలు, రంగు పోయినయి," అంది గొంతు తగ్గించి. "గోడవైపు నేల మీదే విడిగా పోశాం. ఇవ్వాళ ఈయన అటు పోలా. తలుపు కాడే తుమ్మి బయటికొచ్చాడు."

"తెలుసు. ఊరుకో."

రోడ్డు మీదికి వచ్చాక జీపు వేగం తగ్గింది. ఎడమకి తిరిగితే గుంటూరు. త్యాగరాజు స్టీరింగు కుడికి తిప్పాడు. పర్చూరు వైపు.

"అయ్యా," అంది కోటేశ్వరమ్మ, "కోర్టు అటు గదా."

త్యాగరాజు గేరు మార్చాడు. రాధాకృష్ణమూర్తి వాచీ చూసుకున్నాడు. సరిగ్గా నాలుగు. డాక్టరు మాట మీద నిలబడే మనిషి. ఎడమ దవడలో, పన్ను ఉండాల్సిన చోట, నొప్పి మొదలైంది.